పుప్పొడి పడనివారి ఇంట్లో షావోమీ స్మార్ట్ ఎయిర్ ప్యూరిఫయర్ 4: ఏం చేస్తుంది, ఏం చేయదు

పొద్దున లేస్తూనే వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్లలోనూ అంగిట్లోనూ దురద. వానలు పడి ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ నడుమెత్తు పెరిగిందంటే ఈ బాధ ముదురుతుంది. 1950ల్లో పుణెలో కంటబడిన ఈ కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. దీనికి తోడు రకరకాల గడ్డి, సర్కారు తుమ్మ, అందం కోసం రోడ్ల మధ్య వరసగా నాటిన కోనోకార్పస్. వీధిలో మొక్కలన్నీ పీకించడం మన చేతిలో ఉండదు కాబట్టి చాలామంది ఎయిర్ ప్యూరిఫయర్ వైపు చూస్తారు. 14 వేల రూపాయల దరిదాపు ధరతో వచ్చిన ఈ షావోమీ యంత్రం పడగ్గదికి సరిపోతుంది. హాలుకు చాలదు. ఎక్కడ పెట్టినా, నేల తడిగుడ్డతో తుడవని ఇంట్లో మాత్రం పెట్టిన డబ్బుకు సగం ఫలితం కూడా రాదు.

ఎందుకంటే పుప్పొడి బరువైనది. గాల్లో తేలే రేణువులు ఎక్కువగా 15 నుంచి 40 మైక్రాన్ల మధ్య ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 20 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో సెకనుకు సెంటీమీటరు పైచిలుకు చొప్పున దిగుతుంది. అంటే మీటరున్నర ఎత్తు నుంచి నేలకు చేరడానికి రెండు నిమిషాలు చాలు. గంటకు ఐదుసార్లు గది గాలిని వడకట్టే యంత్రానికైతే, గాల్లో ఉన్న ధూళిని సగానికి తగ్గించడానికే 8 నిమిషాలు కావాలి. కాబట్టి పుప్పొడిలో ఎక్కువ భాగం యంత్రం దాకా రానే రాదు. నేల మీద, దుప్పటి మీద, ఫ్యాను రెక్కల మీద కూర్చుంటుంది. మనం నడిచినప్పుడు, దుప్పటి దులిపినప్పుడు, చీపురు పట్టినప్పుడు మళ్లీ లేస్తుంది. అలా లేచినదాన్నీ, తేమకు పగిలిన రేణువుల నుంచి వచ్చే సన్నటి తునకలనూ పట్టుకోవడమే ప్యూరిఫయర్ అసలు పని. ఆ తునకలు నేలకు దిగకుండా గంటల తరబడి తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు పోగలవు. అక్కడ ఈ యంత్రంలోని హెపా ఫిల్టరుకు, అంటే అతి సన్నటి ధూళిని కూడా పట్టే మడతల కాగితపు వడపోతకు, సాటి వచ్చేది ఇంట్లో మరొకటి లేదు.

ఇప్పుడు లెక్క. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1,680 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అంటే దాదాపు 48 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు వడకట్టాలంటే శుద్ధి చేసిన గాలి గంటకు 240 ఘనపు మీటర్లు రావాలి. పెట్టె మీద సీఏడీఆర్ అని రాసేది ఈ అంకెనే. ఈ యంత్రానికి అది 400. చూడ్డానికి కావలసినంత మిగులు ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ 400 ఫుల్ స్పీడులో వచ్చేది, ఆ మోతలో నిద్ర పట్టదు. స్పీడు తగ్గించుకుని పడుకున్నా చాలినంత గాలి రావడానికే ఈ మిగులు. అదే 14 అడుగులకు 22 అడుగుల హాలైతే, వంటగది వైపు తలుపు లేకపోతే, ఫుల్ స్పీడులో కూడా లెక్క తప్పుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆటో మోడ్. తెర మీద కనిపించే అంకె పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు ధూళి. పుప్పొడి రేణువు దానికి పదింతలు పెద్దది, ఆ లేజర్ సెన్సారు లెక్కలోకి దాదాపు రాదు. గాల్లో పుప్పొడి ఉన్నా తెర పచ్చగా 12 అనో 15 అనో చూపిస్తుంది, యంత్రం నెమ్మదిస్తుంది. అగరొత్తి వెలిగిస్తే మాత్రం క్షణంలో ఎర్రబడి రయ్యిమంటుంది. కాబట్టి ఆ అంకె చూసి గది శుభ్రంగా ఉందనుకోవద్దు. స్పీడు మనమే పెట్టుకోవాలి. పడుకునే గంట ముందు కిటికీలు, తలుపు మూసి ఫుల్‌లో నడపండి. పడుకునేటప్పుడు నిద్ర చెడనంత వరకే తగ్గించండి, నైట్ మోడ్ గాలి చాలదు. ఇందులో అయానైజర్, అంటే గాలిలోకి విద్యుదావేశం ఉన్న కణాలను వదిలే భాగం కూడా ఉంది. అలాంటి పరికరాలు కొద్దిగానైనా ఓజోన్ పుట్టించగలవు, ఓజోన్ శ్వాసనాళాలను రేపుతుంది. యాప్‌లో దాన్ని ఆపేయడం మంచిది.

కొత్తగా తెచ్చినప్పుడు చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. గుండ్రటి ఫిల్టరు లోపల పాలిథిన్ కవరులో చుట్టి వస్తుంది. అది తీయకుండానే స్విచ్ వేస్తారు. ఫ్యాను తిరుగుతుంది, తెర వెలుగుతుంది, గాలి మాత్రం వడకట్టబడదు. మూత తీసి కవరు చించి, ఫిల్టరు తిరిగి బిగించాకే నడపాలి. గాలి చుట్టూ లోపలికి పోయి పైనుంచి వస్తుంది కాబట్టి గోడకు, మంచానికి కనీసం జానెడు ఎడం ఉంచండి. కర్టెను వెనక పెట్టొద్దు, పైన తువ్వాలు ఆరేయొద్దు.

ఫిల్టరును నీళ్లతో కడగకూడదు. తడిస్తే మడతల్లో కాగితం పాడవుతుంది, బూజు కూడా పట్టొచ్చు. పదిహేను రోజులకోసారి బయటి జాలీ మీద పేరుకున్న నూగును మెత్తటి బ్రష్షుతో, ఇంటి బయట, ముక్కుకు మాస్కు కట్టుకుని తీస్తే చాలు. అలర్జీ ఉన్నవాళ్లతో ఆ పని చేయించొద్దు.

ఇక ఎవరు కొనకూడదంటే, కూలరు వాడే ఇళ్లవాళ్లు. కూలరు పని చేయాలంటే కిటికీ తెరవాలి. గంటకు వందల ఘనపు మీటర్ల బయటి గాలిని అది గదిలోకి తోస్తుంటే ప్యూరిఫయర్ ఎంత తిరిగినా దండగే. స్ప్లిట్ ఏసీ అయితే ఇబ్బంది లేదు, అది గదిలోని గాలినే తిప్పుతుంది. దాని జాలీని కూడా రెండు వారాలకోసారి కడగండి. విండో ఏసీలో బయటి గాలి మీట ఉంటే మూసి ఉంచండి. దోమల మెష్ ఉంది కదా అని కిటికీ తెరవొద్దు. దాని కన్నం దాదాపు 1,200 మైక్రాన్లు, పుప్పొడి 30. ముప్పై నలభై రేణువులు పక్కపక్కన నడిచిపోయేంత దారి అది.

నేల సంగతి. పొడి చీపురుతో ఊడ్చి తరవాత తుడవడం మన అలవాటు. పుప్పొడికి అది సరిగ్గా తలకిందుల పద్ధతి. ముందు బాగా పిండిన తడిగుడ్డతో కిటికీ గట్లు, మంచం తలగట్టు, చివరగా నేల తుడవాలి. చెత్త ఎక్కువగా ఉండి ఊడవక తప్పకపోతే, అలర్జీ ఉన్నవాళ్లు ఆ అరగంట ఆ గదిలో ఉండకూడదు, ప్యూరిఫయర్ ఫుల్‌లో ఉండాలి. ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్ము సంచిలోనే పడుతుంది, మంచం మీద రాలదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతికి, పుప్పొడి రోజుల్లో బాల్కనీలో కాకుండా లోపలే ఆరేయండి. బయటి నుంచి రాగానే బట్టలు మార్చి, పడుకునే ముందు తలస్నానం చేస్తే దిండుకు చేరేది చాలా తగ్గుతుంది. వయ్యారిభామ పడనివారిలో కొందరికి అదే కుటుంబంలోని చామంతి కూడా పడదు. గుమ్మానికి చామంతి దండ కట్టిన పండగ రోజు బాధ పెరుగుతోందేమో గమనించండి.

ముక్కు స్ప్రేలు, మాత్రలు డాక్టరు రాసినవి ఆపొద్దు. ఉబ్బసం ఉంటే అసలే ఆపొద్దు. కొనేముందు దానికి సరిపోయే ఫిల్టరు ధర కూడా చూసుకోండి. ఆరు నెలల నుంచి ఏడాదికోసారి మార్చాల్సి వస్తుంది. కరెంటు భారం పెద్దగా లేదు. సగటున 30 వాట్లనుకుని రోజంతా నడిపినా నెలకు 22 యూనిట్ల లోపే.