వియత్నాం ఈ-వీసా: ఇంటి దగ్గర సులువు, దారి మధ్యలో తలనొప్పి

25 డాలర్లకు 90 రోజుల వరకు వీసా, ఎంబసీ గడప తొక్కే పని లేదు. 2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం ఈ-వీసా ఇలా ఉంది. ధర విషయంలో వంక పెట్టలేం. అయినా అయిదుకు మూడున్నరే ఇస్తాను. వీసా వచ్చాక అందులో తప్పు కనబడితే దిద్దించుకోవడం ఉండదు, మళ్లీ కొత్త అప్లికేషన్, మళ్లీ ఫీజు. హైదరాబాద్‌లో నెల ముందు అప్లై చేసేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. బ్యాంకాక్‌లో ఉండి, నాలుగు రోజుల్లో హనోయ్ ఫ్లైట్ పెట్టుకున్నవాళ్లకు ట్రిప్పే చెడుతుంది.

అసలు సైటు అడ్రసు చివర గవ్ డాట్ వీఎన్ ఉంటుంది. గూగుల్‌లో వెతికితే పైన యాడ్లుగా వచ్చేవి ఏజెంట్ల సైట్లు కావచ్చు. వాటిలోనూ అదే ఫారం, ఫీజు మాత్రం ఎక్కువ.

ఎక్కువగా దెబ్బతీసేది పాస్‌పోర్టు పేజీ ఫొటో. హోటల్ గదిలో మంచం మీద పెట్టి, పైన లైటు వెలుగుతుండగా ఫోన్‌తో తీస్తే ప్లాస్టిక్ పొర మీద తెల్లటి మెరుపు పడి సగం అక్షరాలు పోతాయి. లైటు ఆర్పి, కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు మొత్తం రావాలి. చాలామంది క్రాప్ చేసేది అక్కడే. మీ ఫొటోలో కళ్లజోడు ఉండకూడదు.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ఇబ్బంది ఎక్కువ. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, టికెట్ మీద ఇంకోలా ఉంటుంది. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే స్పెల్లింగుతో రాయాలి. పాస్‌పోర్టు నంబరులో సున్నా బదులు ఇంగ్లిష్ 'O' అక్షరం పడిందేమో కూడా చూసుకోండి.

అడ్రసు పెట్టెలో ఇప్పుడు కొత్త తికమక. 2025 జులై 1 నుంచి వియత్నాంలో 63 ప్రావిన్సులు 34 అయ్యాయి, జిల్లాల అంచె ఎత్తేశారు. హోటల్ బుకింగులో పాత అడ్రసే ఉండొచ్చు. హోయ్ ఆన్ హోటల్‌కు క్వాంగ్ నామ్ అని పాత ప్రావిన్సు పేరు ఉంటే, అది దా నాంగ్‌లో కలిసింది కాబట్టి లిస్టులో దా నాంగ్ కింద వెతకాలి.

ఏ గేటు గుండా వస్తారో కూడా ముందే చెప్పాలి. హో చి మిన్ సిటీలోని తాన్ సన్ న్యాట్ ఎయిర్‌పోర్టు అని పెట్టి, తర్వాత మనసు మార్చుకుని కంబోడియా రాజధాని నామ్‌పెన్ నుంచి బస్సెక్కితే మోక్ బాయ్ సరిహద్దులో ఆ వీసాతో ఇబ్బందే. బస్సా, విమానమా తేలాకే ఫారం తెరవండి. మధ్యలో కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్లు చూసి తిరిగొచ్చే ఆలోచన ఉంటే 50 డాలర్ల మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. సింగిల్ ఎంట్రీ బయటికి అడుగు పెట్టగానే అయిపోతుంది. రెండోసారి 25 కడితే ఖర్చు అంతే, ఎదురుచూపు అదనం. పది రోజులకైనా తొంభై రోజులకైనా ఫీజు ఒకటే కాబట్టి చివరి తేదీని అవసరం కంటే కొన్ని రోజులు ఆలస్యంగా పెట్టుకోండి. మొదటి తేదీ కంటే ముందు మాత్రం లోపలికి రానివ్వరు.

డబ్బు కట్టే దగ్గర కార్డు ఫెయిలైతే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ అయ్యాయా చూడండి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. ఇక ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది. లోకల్ సిమ్ వేసుకుని మన సిమ్ తీసి పర్సులో పెట్టేస్తే పని అక్కడే ఆగిపోతుంది. బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించుకుని, ఆ సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచండి. కట్టిన ఫీజు వీసా రాకపోయినా తిరిగి రాదు. రిజిస్ట్రేషన్ కోడ్‌ను వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మెయిల్ రాకపోతే స్టేటస్ చూసుకోవడానికి అదే ఆధారం.

గడువు మూడు పనిదినాలు అంటారు, కానీ శని, ఆదివారాలు లెక్కలోకి రావు. గురువారం సాయంత్రం కడితే మంగళ, బుధవారాల వరకు ఆశ పెట్టుకోకండి. వియత్నాం కొత్త సంవత్సరం తెత్ పండక్కి ఆఫీసులు రోజుల తరబడి మూసేస్తారు. ఏప్రిల్ 30, మే 1, సెప్టెంబర్ 2 కూడా సెలవులే.

ఫ్లైట్ రేపే ఉండి స్టేటస్ ఇంకా ప్రాసెసింగ్‌లోనే ఉంటే ఎయిర్‌పోర్టుకు వెళ్లి బతిమాలి లాభం లేదు, చెకిన్ కౌంటర్‌లోనే వీసా అడుగుతారు. ఏజెంటు చెప్పే ఎక్స్‌ప్రెస్ రేటు, టికెట్ తేదీ మార్చే చార్జీ పక్కపక్కన రాసుకుని, అదనంగా ఉండే రెండు రాత్రుల హోటల్ ఖర్చు కూడా కలుపుకుని అప్పుడు తేల్చుకోండి.