ఋషికొండ బీచ్: ఈల ఊదేవాళ్లకి 5కి 5

మాది ఖమ్మం. సముద్రం చూడటం రెండేళ్లకోసారి, కానీ ఇంట్లో అందరం సాగర్ కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లమే, నీళ్లంటే భయం లేదు. అసలు ప్రమాదం ఆ ధైర్యంతోనే అని ఈసారి విశాఖలో తెలిసింది. సంక్రాంతి ముందు మూడు రోజులు వెళ్లొచ్చాం, నేను, మా ఆవిడ, పాప, మా అన్నయ్య కొడుకు. ఋషికొండలో ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో, ఏం తినాలో చాలామంది రాశారు కాబట్టి నేను అక్కడి లైఫ్‌గార్డుల గురించే రాస్తాను. ఆ రోజు వాళ్లు లేకపోతే మావాడు తిరిగి ఇంటికి వచ్చేవాడు కాదు.

మావాడికి 15 ఏళ్లు. జనం దిగే చోట రద్దీగా ఉందని, కాస్త పక్కకి, జెండాలు దాటి అవతలికి వెళ్లాడు. అక్కడ నీళ్లు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి, కెరటాలు పెద్దగా విరగడం లేదు, నేను కూడా చూసి ఊరుకున్నాను. ఈల వినిపించింది. ఎవరికో అనుకున్నాం. రెండోసారి పొడుగ్గా ఊదేసరికి తిరిగి చూస్తే, నడుము లోతులో ఉన్నవాడు ఎక్కడో తల మాత్రమే కనిపించేంత దూరంలో ఉన్నాడు, ఒడ్డు వైపే చేతులు కొడుతున్నాడు కానీ వెనక్కే పోతున్నాడు. మా ఆవిడ అరుపుకి పాప ఏడుపు మొదలెట్టింది. ఈలోపే ఒకతను ఎర్రటి పొడవాటి ట్యూబ్ భుజానికి తగిలించుకుని పరిగెత్తి దూకాడు, ఇంకొకతను ఒడ్డునే నిలబడి చేత్తో దారి చూపిస్తున్నాడు. నాలుగైదు నిమిషాల్లో తీసుకొచ్చేశారు. నీళ్లు పెద్దగా మింగలేదు, కానీ కాళ్లు వణుకుతూ ఇసుకలో కూలబడిపోయాడు.

తిడతారేమో అనుకున్నా, తిట్టలేదు. ఆ లైఫ్‌గార్డు మావాణ్ని కూర్చోబెట్టి, ఊపిరి సర్దుకునేదాకా పక్కనే ఉండి, తర్వాత ఇసుకలో పడున్న రెండు కొబ్బరి డొక్కలు తెచ్చాడు. ఒకటి కెరటాలు విరిగే చోట విసిరాడు, అది దొర్లుకుంటూ మా కాళ్ల దగ్గరికే వచ్చేసింది. రెండోది మావాడు దిగిన ఆ ప్రశాంతమైన నీళ్లలోకి విసిరాడు. మేం చూస్తుండగానే అది నెమ్మదిగా కదిలి, తర్వాత వేగం పెరిగి, కెరటాల వరస దాటి లోపలికి వెళ్లిపోయింది. "కెరటం లేదని మీరు అదే మంచిదనుకుంటారు సార్, అదే లాగేస్తది" అన్నాడు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

దీన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలతో ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా, అడుగున ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతుగా సందు దొరికితే అక్కడినుంచి కాలువలా పారతాయి. గట్టిది అయితే సెకనుకి 2 మీటర్ల వేగం కూడా ఉంటుంది, మామూలుగా ఈత వచ్చినవాడు 1 మీటరు ఈదడమే కష్టం. అందుకే ఎదురీదితే అలిసిపోతాం తప్ప ఒడ్డు రాదు. అది మనిషిని అడుక్కి లాగదు, లోపలికి తీసుకెళుతుంది, అంతే. కాబట్టి కంగారు పడకుండా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి ఊపాలి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటు బయటికి రావాలి. మావాడు ముందే ఇది విని ఉంటే అంత భయపడేవాడు కాదు. కాలువలో పారే వైపు కళ్లకి కనిపిస్తుంది, సముద్రంలో కనిపించదు.

2020లో మన దేశంలో మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన 8 బీచ్‌లలో ఋషికొండ ఒకటి. ఆ గుర్తింపు కావాలంటే నీళ్ల పరీక్షలతో పాటు లైఫ్‌గార్డులు లేదా ప్రాణరక్షణ సామగ్రి, ఫస్ట్ ఎయిడ్ తప్పనిసరి. బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, ఆడవాళ్లకి అది చాలా పెద్ద విషయం, మా ఆవిడ మొదట మెచ్చుకుంది దాన్నే. కానీ నా లెక్కలో బీచ్‌కి 4, ఈలలకి 5. బీచ్‌కి ఒకటి తగ్గించింది అక్కడికొచ్చే జనం వల్ల. మేమున్న మూడు గంటల్లో ఆ ఈల ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు, ప్రతిసారీ నవ్వుతూ చెయ్యి ఊపి ఇంకాస్త లోపలికి పోయేవాళ్లే ఎక్కువ. మందు తాగి దిగినవాళ్లతో వాదించలేక ఆ కుర్రాళ్ల గొంతు పోయింది.

ముందు రోజు సాయంత్రం ఒక క్యాబ్ డ్రైవర్ మమ్మల్ని ఊరికి దూరంగా, ఎవరూ లేని ఒక బీచ్‌కి తీసుకెళ్లాడు. "ఏం కాదు సార్, అందరూ దిగుతారు" అన్నాడు. దిగాం కూడా. బోర్డు లేదు, గార్డు లేడు, ఇసుకలో పగిలిన సీసాలు, ఫోన్‌కి సిగ్నల్ సరిగా లేదు. ఇదే సంఘటన అక్కడ జరిగి ఉంటే ఎవరిని పిలిచేవాళ్లమో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. డ్రైవర్ మాట మీద నీళ్లలోకి దిగకండి, ఆయన సముద్రం పక్కన ఉంటాడు గానీ సముద్రంలో ఉండడు. జాలర్లని అడగండి, వద్దంటే వద్దు.

ఆర్కే బీచ్‌లో అయితే మేం మోకాలి లోతుకి కూడా వెళ్లలేదు. అక్కడ మునిగిపోయిన టూరిస్టుల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం, వాళ్లలో మా తెలంగాణవాళ్లు, ఒడ్డున ఫొటోలు దిగుతూ పెద్ద కెరటానికి పడిపోయినవాళ్లు కూడా ఉంటారు. అక్కడ చూడాల్సింది ఎలాగూ ఒడ్డునే ఉంది. మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా నేవీ వాడిన టీయూ 142 విమానం, పిల్లలకి రెండూ బాగా నచ్చాయి. సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు.

బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద కెరటాల హెచ్చరికలు ఇస్తుంది, వెబ్‌సైట్‌లో చూడొచ్చు. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వస్తే ఆ రోజు కైలాసగిరి, సింహాచలం పెట్టుకోండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం, హుద్‌హుద్ ఈ ఊరిని తాకింది 2014 అక్టోబర్ 12న. ఫోన్లో ఎమర్జెన్సీ నంబరు 112 ఉండాలి, పిల్లలకి కూడా కంఠస్థం రావాలి.

రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఋషికొండ మీదుగానే పోతుంది, మేం రెండో రోజు దాన్లోనే వెళ్లాం. పొద్దున్నే వెళ్తే రద్దీ ఉండదు, కానీ గార్డులు వచ్చి నిలబడేదాకా ఒడ్డునే ఆగండి. చీకటి పడ్డాక వాళ్లుండరు. మూడో రోజు పొద్దున మళ్లీ అక్కడికే వెళ్లాం, మావాడు ముందు ఒక కొబ్బరి డొక్క వెతికి నీళ్లలోకి విసిరి, అది ఎటు పోతుందో చూశాక గానీ పాప చెయ్యి పట్టుకుని దిగలేదు.