గ్రైండర్‌కి చెక్క కోసే బ్లేడు బిగించి అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

అందరికీ నమస్కారం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంట్లోనే సొంతంగా చెక్క పని మొదలుపెడదామని మెషిన్లు వెతుకుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా పని చెయ్యట్లేదు, కుడి చేత్తోనే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మొన్న ఫిబ్రవరిలో వన్‌టౌన్‌లో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. మా అమ్మమ్మగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు ద్వారబంధం ముక్కలు నా దగ్గరున్నాయి, వాటితో పిల్లలకి చదువుకునే బల్ల చేద్దామని ఎప్పటినుంచో కోరిక. చెక్క కొయ్యడానికి ఏది తీసుకోవాలని అడిగితే కౌంటర్లో ఉన్నాయన "సర్క్యులర్ రంపం ఎందుకండీ దండగ, ఈ నాలుగంగుళాల గ్రైండర్ తీసుకెళ్ళండి, చెక్క బ్లేడు నేనే బిగించి ఇస్తా, ఇనుమైనా చెక్కైనా దీంతోనే అయిపోద్ది" అన్నాడు. మొత్తం 2,200 రూపాయలు. ఆ మెషిన్ 100 మిల్లీమీటర్ల డిస్కుకి చేసింది, ఆయన పెట్టిన బ్లేడు 110. బ్లేడు రంధ్రం 20, మెషిన్‌కి పట్టేది 16, అందుకని మధ్యలో ఒక రింగు వేసి బిగించాడు. బ్లేడు గార్డుకి (బ్లేడు మన మీదకి రాకుండా అడ్డుగా ఉండే రేకు) తగులుతోందని గార్డు ఊడదీసి డబ్బాలో పడేశాడు. రెండో చేత్తో పట్టుకునే పక్క హ్యాండిల్ ఏదండీ అంటే "అది పెద్ద మెషిన్లకే" అన్నాడు. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. రోజూ వందమందికి అమ్మేవాడికి తెలీదా అనుకుని నోరు మూసుకుని తెచ్చుకున్నాను.

ఇప్పుడు అర్థమైంది చెప్తాను. గ్రైండర్ డిస్కు ఇనుమునీ రాయినీ అరగదీస్తుంది, దానికి పళ్ళుండవు. చెక్క బ్లేడుకి పళ్ళుంటాయి, అది కొరుకుతుంది. కొరికిన చోట ముడి తగిలినా, కోత మూసుకుపోయి బ్లేడు ఇరుక్కున్నా, తిరిగే బలమంతా ఒక్కసారి మెషిన్ మీదకి మళ్ళి అది మన మీదకి ఎగురుతుంది. పైగా ఈ చిన్న గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 180 పైన. చెక్క కోసమే చేసిన ఏడంగుళాల సర్క్యులర్ రంపం అయితే 5,000 దగ్గరే తిరుగుతుంది, కోత అయిపోగానే కింది గార్డు స్ప్రింగుతో దానంతటదే బ్లేడుని కప్పేస్తుంది. నా బ్లేడు మీద ఎంత వేగం దాకా వాడొచ్చో రాసి ఉంది, 8,500. ఆ అంకె నేను చదివింది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక.

మూడో ముక్క కోస్తున్నాను. ఎడమ చేత్తో చెక్క అదిమి పట్టుకుని, కుడి చేత్తో మెషిన్. పాత ద్వారబంధం కదా, లోపల ఎప్పటిదో విరిగిన మేకు ఉంది, పైకి కనిపించలేదు. టప్‌మని ఒక చప్పుడు. మెషిన్ చెక్క మీద నుంచి లేచి నా ఎడమ చూపుడు వేలి మొదట్లో పడింది. చేతిలోంచి జారి నేల మీద పడ్డాక కూడా అది తిరుగుతూనే ఉంది, ఎందుకంటే దాని స్విచ్ ముందుకి తోస్తే అక్కడే లాక్ అయ్యే రకం, వదిలేస్తే ఆగదు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ప్లగ్ పీకింది. (కరెంటు పోయి వచ్చినా ఈ రకం స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, మెషిన్ దానంతటదే తిరగడం మొదలెడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు దీని గురించి ఒక్క నిమిషం ఆలోచించండి.)

నొప్పి వెంటనే తెలీలేదు. వేలు కిందికి వాలిపోయి ఉంది, పైకెత్తుదామంటే లేవట్లేదు, అది చూసి భయమేసింది. పక్కింటి పిన్నిగారు కాఫీ పొడి తెచ్చి గాయం నిండా వేసేశారు. ఆవిడని తప్పు పట్టను, మన ఇళ్ళల్లో అందరం చేసేది అదే. కానీ ఆసుపత్రిలో ఆ పొడి అంతా కడిగి తియ్యడానికే చాలాసేపు పట్టింది, డాక్టర్ గారు మళ్ళీ మళ్ళీ చెప్పారు: కాఫీ పొడి వద్దు, పసుపు వద్దు, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుని, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచి వచ్చెయ్యాలి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసెయ్యాలి. వేలు తెగి పడిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్ళలో ఉంచి తీసుకురావాలి, వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

నాకు వేలిని పైకి లేపే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తెగింది. ఆపరేషన్, తర్వాత వారాల తరబడి చేతికి పట్టీ, ఇప్పుడు ఫిజియోథెరపీ. ఖర్చు 68,000 దాటింది. పొద్దున్నే లేవగానే వేలు కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, చొక్కా గుండీలు మా పెద్దమ్మాయి పెడుతోంది.

మెషిన్ పట్టుకుని షాపుకి వెళ్తే "మీకు వాడటం రాక" అన్నారు, వాడిన సరుకు వాపసు తీసుకోం అన్నారు. నేను బిల్లు అడిగి తీసుకోలేదు, ఫోన్‌పే మెసేజ్ ఒక్కటే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల చట్టంలో సరుకు వల్ల దెబ్బ తగిలితే అమ్మినవాడి బాధ్యత గురించి కూడా ఉంది, రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. అందుకే మెషిన్, బ్లేడు, ఆ రింగు అన్నీ అలాగే కవర్లో దాచిపెట్టాను. మీరు మాత్రం వంద రూపాయల సామానుకైనా బిల్లు రాయించుకోండి.

కొనాలనుకుంటే గార్డు లేకుండా ఇచ్చే మెషిన్ అసలు తేవద్దు, తగ్గించి ఇచ్చినా సరే. వేలు తియ్యగానే ఆగిపోయే స్విచ్ ఉన్నదే అడగండి. ఇంటి పనికి జిగ్‌సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే చిన్న కరెంటు రంపం) చాలావరకు సరిపోతుంది, తిన్నటి కోతలకి అసలైన సర్క్యులర్ రంపం తీసుకోండి. ఒక జత సీ క్లాంపులు తప్పకుండా కొనండి, చెక్కని పట్టుకోవాల్సింది క్లాంపు, మీ చెయ్యి కాదు. పాత కలప అయితే అయస్కాంతం పెట్టి మొత్తం తడమండి, మేకు ఉంటే లాగుతుంది. గుడ్డ గ్లౌజులు వేసుకుంటే మంచిదని చాలామంది అనుకుంటారు, తిరిగే బ్లేడు దగ్గర అవే ప్రమాదం, దారం చిక్కుకుంటే చెయ్యినే లోపలికి లాగేస్తుంది.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఈ రాత్రికే ప్లగ్ పీకేసి, బ్లేడు మీది వేగం అంకె, మెషిన్ మీది వేగం అంకె పక్కపక్కన పెట్టి చూడండి. బ్లేడు అంకె తక్కువుంటే ఆ బ్లేడు విప్పెయ్యండి. సమానంగా ఉన్నా, ఎక్కువున్నా, పళ్ళున్న బ్లేడైతే గ్రైండర్‌కి వద్దు, విప్పెయ్యండి.