జర్మన్ డిసర్టేషన్‌కి డీడబ్ల్యూడీఎస్ సైట్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది

జర్మన్ బీఏలో భాషకు సంబంధించిన అంశం మీద డిసర్టేషన్ రాస్తున్నవాళ్లు ముందుగా తెరవాల్సిన సైట్ డీడబ్ల్యూడీఎస్, అంటే జర్మన్ భాషా డిజిటల్ నిఘంటువు. బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ సైన్స్ అకాడమీ నడుపుతోంది, వాడుకోవడం పూర్తిగా ఉచితం. హైదరాబాద్ ఇఫ్లూలో చదివేవాళ్లకైనా, జర్మనీలో చదివేవాళ్లకైనా అందులో దొరికే సరుకు ఒకటే. ఖాతా మాత్రం మొదటిరోజే తెరవండి. కాపీరైట్ వల్ల కొన్ని కార్పస్‌లు, అంటే వెతకడానికి వీలుగా పోగుచేసిన రచనల సంకలనాలు, లాగిన్ అయితేనే కనిపిస్తాయి.

చాలామంది దీన్ని నిఘంటువుగానే వాడి వదిలేస్తారు. ఒక్క పేజీలోనే పదం అర్థం, భాషావేత్త ఫైఫర్ రాసిన వ్యుత్పత్తి, ఆ పదం పక్కన తరచూ వచ్చే పదాల పట్టిక ఉంటాయి. 1854లో తొలి సంపుటం వచ్చి 1961లో పూర్తయిన గ్రిమ్ నిఘంటువు కూడా ఇదే సైట్లో ఉంది. అంతా మంచి సరుకే. కానీ డిసర్టేషన్‌కి బలాన్నిచ్చేది కార్పస్ భాగం. అందులో ముఖ్యమైనది కెర్న్‌కార్పస్: 1900 నుంచి 1999 దాకా, దాదాపు 10 కోట్ల పదాలు, సాహిత్యం, పత్రికలు, శాస్త్ర గ్రంథాలు, రోజువారీ అవసరాల రచనలు అని నాలుగు రకాలుగా సర్ది పెట్టారు. అంటే దశాబ్దానికి సుమారు కోటి పదాలు.

ఉదాహరణకి, పెళ్లికాని స్త్రీని పిలిచే ‘ఫ్రాయ్‌లైన్’ ఎలా కనుమరుగైందన్నది మీ అంశం అనుకుందాం. పదం టైప్ చేస్తే దాని విభక్తి రూపాలన్నీ వాటంతటవే వస్తాయి. ఒకే రూపం కావాలంటే ముందు @ పెట్టాలి. ఆ పదానికి వాడే పొట్టి రూపాన్ని, అంటే చుక్కతో రాసే మూడక్షరాల రూపాన్ని (Frl.), విడిగా వెతకాలి. ఇది మరిచిపోతే ఉత్తరాల్లో, ప్రకటనల్లో వచ్చిన వాడుక చాలావరకు జారిపోతుంది.

తర్వాత అందరూ నొక్కేది గ్రాఫ్ బటన్. అసలు చిక్కు ఇక్కడే. ఆ గ్రాఫ్ పది లక్షల పదాలకు ఎన్నిసార్లు అని చూపిస్తుంది. ఒక నవలలో కథానాయికను ఆ పదంతోనే 500 సార్లు పిలిచారనుకోండి, కోటి పదాల దశాబ్దంలో ఆ ఒక్క పుస్తకమే గీతను 50 పాయింట్లు పైకి లేపేస్తుంది. ఇంకో ఇబ్బంది, 1600 నుంచి సాగే చారిత్రక గ్రాఫ్‌లో పాత వాడుక కూడా కలిసిపోతుంది. ఒకప్పుడు ఫ్రాయ్‌లైన్ అంటే ప్రభువుల ఇంటి ఆడపిల్ల, మామూలు ఇంటి పిల్లను అలా పిలిచేవారు కాదు. 1972లో పశ్చిమ జర్మనీ హోంశాఖ తన కార్యాలయాల్లో వయసొచ్చిన స్త్రీలందరినీ, అప్పటిదాకా పెళ్లైనవాళ్లకు వాడే ‘ఫ్రావ్’ అనే పిలవాలని ఆదేశించింది కాబట్టి గీత దిగడానికి అదే కారణమని రాసేయాలనిపిస్తుంది. గ్రాఫ్ ఆ మాట చెప్పదు. పరీక్షకుడు మొదట పట్టుకునేది ఇక్కడే.

కాబట్టి ఫలితాలను యాదృచ్ఛిక క్రమంలో పెట్టి, దశాబ్దానికి 50 చొప్పున 500 వాక్యాలు దించుకోండి. ఎక్సెల్‌లో సంవత్సరం, రచన రకం, ఎవరు ఎవరితో అంటున్నారు, ఏ అర్థంలో అని నాలుగు నిలువు వరుసలు గీయండి. పేరు ముందు వచ్చిందా, పేరు లేకుండా హోటల్లో వడ్డించే అమ్మాయిని పిలిచారా, టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగిని గురించా అన్న తేడాలు తొలి 50 వాక్యాలు చదివాక ఖరారు చేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. మారిస్తే మొదటినుంచీ మళ్లీ చదవాల్సిందే. వాక్యానికి రెండు నిమిషాలు వేసుకున్నా 17 గంటల్లోపు అయిపోతుంది. డిసర్టేషన్‌లో ఇంతకంటే గిట్టుబాటయ్యే పని ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం.

క్రియల మీద రాసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. ‘అన్‌ఫాంగెన్’ (మొదలుపెట్టు) లాంటి విడిపోయే క్రియను అలాగే వెతికితే, వాక్యం చివరికి ‘అన్’ విడిగా వెళ్లిపోయినవి రావు. మూలక్రియనూ ఉపసర్గనూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, నడుమ #10 అని దూరం ఇచ్చి మరోసారి వెతకాలి. అప్పుడు అనవసరమైనవీ వస్తాయి, చేత్తో ఏరేయడమే మార్గం. వర్ణక్రమం విషయంలోనూ జాగ్రత్త: 1901 నాటి వర్ణక్రమ సమావేశం తర్వాత ‘టైల్’ (Theil), ‘ట్యూర్’ (Thür) లాంటి పదాల్లోంచి హెచ్ పోయింది, 1996 సంస్కరణతో ‘దస్’ (daß) చివరి అక్షరం మారి dass అయింది. @ పెట్టి కొత్త రూపమే వెతికితే పాత కాలమంతా ఖాళీగా కనిపిస్తుంది.

1900కి ముందు కాలానికి డాయిచెస్ టెక్స్ట్ఆర్కీవ్ అనే పాత జర్మన్ పుస్తకాల డిజిటల్ భండారం చాలా మేలు. అక్కడ మొత్తం పుస్తకాన్నే దించుకోవచ్చు, పాత ముద్రణ పేజీ బొమ్మ పక్కనే ఉంటుంది. కెర్న్‌కార్పస్‌లో అలా కుదరదు, చుట్టూ ఉన్న కొద్ది వాక్యాలే చూపిస్తుంది. సంభాషణలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే లైబ్రరీలో అసలు పుస్తకం తీయాల్సిందే.

అరుదైన పదాలకు ఈ సైట్ చాలదు. దశాబ్దానికి నాలుగైదు వాక్యాలే దొరికితే మాన్‌హైమ్‌లోని జర్మన్ భాషా సంస్థవారి కార్పస్ సెర్చ్ వ్యవస్థ కాస్మాస్-2కి వెళ్లండి. అది ఎన్నో రెట్లు పెద్దది, కానీ దాని సెర్చ్ భాష అలవాటు కావడానికి టైము పడుతుంది. ఒకే నవల మీద సాహిత్య విమర్శ రాసేవాళ్లకు రెండూ అంతగా అవసరం లేదు, మంచి విమర్శనాత్మక ముద్రణ ఉంటే చాలు.

నిఘంటువు అర్థాలు ఉటంకించేటప్పుడు మూలం చూసుకోండి. వాటికి పునాది 1952లో తూర్పు బెర్లిన్‌లో మొదలై 1977లో ముగిసిన ఆరు సంపుటాల నిఘంటువు. నాలుగో సంపుటం నుంచి రాజకీయ పదాల వివరణలు మార్క్సిస్టు దృష్టితోనే రాశారు. ఇప్పటి సంపాదకులు చాలా మార్చారు, అయినా ‘రాజ్యం’ లాంటి పదాల మీద రాసేవాళ్లు పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఎంట్రీ కింద ఉటంకింపు నమూనా తయారుగా ఇస్తారు. కార్పస్ ఫలితాలకు మాత్రం కార్పస్ పేరు, మీరు టైప్ చేసిన సెర్చ్ వాక్యం అక్షరం పొల్లుపోకుండా, చూసిన తేదీ మీరే రాసుకోవాలి. కార్పస్‌లు పెరుగుతూనే ఉంటాయి, మార్చిలో వచ్చిన అంకె జూన్‌లో రాకపోవచ్చు. దించుకున్న ఫైలును అనుబంధంలో జతచేయండి.