6 ఏళ్ల మౌల్డింగ్ మెషిన్, నల్లగొండ బోరు నీళ్లు

ప్లాస్టిక్‌ను కరిగించి డై అనే అచ్చులోకి నెట్టే ఈ 80 టన్నుల (అచ్చును బిగించి పట్టే బలం) సెకండ్ హ్యాండ్ మెషిన్ కొన్న ఏడాదికే, కళ్లు మూసుకుని తీసుకోవచ్చని నలుగురికి చెప్పాను. స్క్రూ, హీటర్లు, క్లాంపింగ్ విషయంలో ఇప్పటికీ అదే మాట. నీళ్లు తిప్పి చల్లార్చే కూలింగ్ దగ్గర మాత్రం మాట మార్చుకోవాల్సి వస్తోంది.

మాది నల్లగొండ శివారులో చిన్న షెడ్డు. బత్తాయి తోటలకు డ్రిప్ పైపులు కలిపే జాయినర్లు చేస్తాం. పోయిన ఎండాకాలం ఒక రైతు బస్తా తిరిగి తెచ్చాడు. జాయినర్ మూతి గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. పైపు ఎంత బిగించినా నీళ్లు కారుతున్నాయి. ప్లాస్టిక్ దాణా (గింజలు) మీద అనుమానపడి బస్తా మార్చాను. అచ్చు నిండాక ప్లాస్టిక్‌ను నొక్కిపట్టే హోల్డింగ్ ప్రెషర్ పెంచాను. ప్లాస్టిక్ కరిగే బ్యారెల్ 220 డిగ్రీల నుంచి 205కి దించాను. లాభం లేదు. 25 సెకన్లకు పడే షాట్ (ఒకసారి అచ్చు నింపి సరుకు బయటికి తీసే పని) 40కి పోయింది. మధ్యాహ్నానికల్లా హైడ్రాలిక్ ఆయిల్ 60 డిగ్రీలు దాటి ప్రెషర్ పడిపోయేది. ఆర్డర్ టెన్షన్‌తో నిద్ర లేదు.

దారి చూపింది ఆ రైతే. "ఏం నీళ్లు తిప్పుతున్నవ్ సేటూ? బోరువేనా? మా డ్రిప్పుకే ఏడాదికోపారి యాసిడ్ పెడ్తం. నీ డైకి పెట్టినవా?"

డై విప్పితే 8 మిల్లీమీటర్ల నీటి దారిలో అగ్గిపుల్ల దూరేంత సందే మిగిలింది. ఆయిల్ కూలర్ గొట్టాలూ అంతే. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ అంటాం గానీ, ఇక్కడ పని చెడగొట్టింది కాల్షియం. నీళ్లు వేడెక్కితే అది సున్నంలా గోడలకు పడుతుంది. కూలింగ్ టవర్‌లో ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్లు ఇంకా చిక్కబడతాయి. డై ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా ఉంటే మేం వాడే ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్, సమంగా కుంచించుకోదు, మూతి వంకరపోతుంది.

మెకానిక్‌ను పిలిచి, పల్చటి యాసిడ్ పంపుతో తిప్పించి, సోడా నీళ్లతో కడిగించాం. మర్నాడు షాట్ 26 సెకన్లకు వచ్చింది. మొదటి జాయినర్ పైపులో దోపి నీళ్లు వదిలితే చుక్క కారలేదు. ఎంత సంతోషమేసిందో!

షాట్ టైమ్‌లో సగానికి పైగా చల్లారడానికే పోతుంది. అయినా అమ్మినవాళ్లు టన్నేజీ గురించి, షాట్ బరువు గురించి గంటసేపు చెప్పారే గానీ, మీ దగ్గర నీళ్లెలాంటివని ఒక్కమాట అడగలేదు. నా కోపమంతా అదే.

ఇప్పుడు నీళ్లలో కాల్షియం తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టాం. మొన్న కూలర్ విప్పి చూస్తే పలుచటి పొరే ఉంది. కృష్ణా నీళ్లు అందేవాళ్లకు ఈ బాధ ఇంతగా ఉండకపోవచ్చు. మాలా రెండు షిఫ్టులూ బోరు మీదే నడిపేవాళ్లు సాఫ్ట్‌నర్ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోండి. నేనైతే ఈ మెషిన్ అమ్మను. రెండోది కొనడానికి వెళ్లేటప్పుడు మాత్రం బోరు నీళ్ల పరీక్ష కాగితం జేబులో పెట్టుకుని వెళ్తాను.