మాస్టొడాన్: పెద్ద సర్వరా, సొంత సర్వరా?

మాస్టొడాన్ అంటే ట్విట్టర్ లాంటి సోషల్ నెట్‌వర్కే, కానీ ఒకే కంపెనీది కాదు; ఎవరెవరో నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. అందులో ఖాతా ఇప్పటికే ఉన్న పెద్ద సర్వర్లో తెరవాలా, మనమే ఒక సర్వర్ పెట్టుకోవాలా? బెంగళూరు మారతహళ్ళి తెలుగువాళ్ల గ్రూపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది.

ఖర్చు: పెద్దదాంట్లో పైసా అడగరు. సొంతదానికి నెలనెలా అద్దె. పైగా బయటి సర్వర్ల ఫొటోల కాపీలు చేరి డిస్క్ ఇట్టే నిండుతుంది.

శ్రమ: సొంతదైతే అప్‌డేట్లు, బ్యాకప్, స్పామ్ అన్నీ మన నెత్తినే.

రిస్క్: 2023లో అధికారిక యాప్ కొత్తవాళ్ల ముందు మాస్టొడాన్ డాట్ సోషల్ అనే పెద్ద సర్వర్‌నే పెట్టడం మొదలుపెట్టింది. అందరూ అక్కడే చేరితే వికేంద్రీకరణ (అంతా ఒక్కచోట, ఒక్కరి చేతిలో లేకపోవడం) పేరుకే మిగులుతుంది. సొంతదాంట్లో అడ్మిన్‌కు విసుగొస్తే దుకాణం బంద్. ఖాతా వేరే సర్వర్‌కు మార్చుకుంటే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు.

ఒక్కరే రుచి చూడాలంటే పెద్దదే. పదిమంది ఉండి, ఇద్దరికైనా లినక్స్ (సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చి, చందా వేసుకుంటామంటే సొంతదే. డొమైన్ పేరు (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా) మాత్రం ముందే ఆలోచించుకోండి, తర్వాత మార్చడం కుదరదు.