ఏ హీరోలా ఉన్నారో చెప్పే యాప్‌లా? యూపీఐ పిన్ కొట్టే ముందు ఇది చదవండి

ఫొటో పెడితే మీరు ఏ హీరోలా, ఏ హీరోయిన్‌లా ఉన్నారో చెప్తామనే యాప్‌లు ఉన్నాయి కదా, వాటిలో ఒకదాని వల్ల నా ఖాతాలోంచి మూడు వారాల్లో 897 రూపాయలు పోయాయి. పేరు చెప్పి లాభం లేదు, అలాంటివి ప్లే స్టోర్‌లో బోలెడున్నాయి, పేరు ఏదైనా తంతు మాత్రం చాలావాటిలో ఇదే.

మా పెద్దమ్మ కొడుకు పెళ్లిలో మొదలైంది ఇదంతా. మా బావ తన ఫొటో పక్కన వెంకటేష్ ఫొటో ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు, కింద 92 శాతం మ్యాచ్ అని. ఇక అందరికీ పూనకం వచ్చింది, నాతో సహా. సెల్ఫీ ఇచ్చాక చక్రం తిరిగి తిరిగి 99 దగ్గర ఆగింది, ఆ తర్వాత వచ్చిన ఫొటో అంతా మసక, ఎవరిదో జుట్టు మాత్రం కనబడుతోంది. మసక తీయాలంటే ‘3 రోజులు ఫ్రీ’ అని ఇంత లావున ఆకుపచ్చ బటన్. దాని కింద బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలతో, ఆ తర్వాత వారానికి 299 అని. నెలకి కాదండీ, వారానికి! పిల్లలు ‘ఎవరొచ్చారు, ఎవరొచ్చారు’ అంటూ మీద పడుతుంటే నేను అది చదవలేదు, పిన్ కొట్టేశాను.

ఇంతా చేస్తే వచ్చింది ప్రకాష్ రాజ్. తల దువ్వుకుని, కిటికీ దగ్గర నిలబడి ఇంకోటి తీస్తే నాని. ఒకే మొహం, ఒకే చొక్కా, పది నిమిషాల తేడా. సంగతేంటంటే, ఈ యాప్‌లు మొహాన్ని కొన్ని అంకెలుగా మార్చి, తమ జాబితాలో ఆ అంకెలకు ఎవరు దగ్గరుంటే వాళ్లని చూపిస్తాయి, వెలుతురు మారితే అంకెలూ మారతాయి. అందుకే ‘మీరు ఎవరిలానూ లేరు’ అని చచ్చినా చెప్పదు, జాబితాలో ఎవరో ఒకరు మిగతావాళ్లకంటే దగ్గరుంటారు కదా. ఆ 92 శాతం ఎలా వచ్చిందో యాప్‌లో ఎక్కడా రాసి లేదు.

ఆ రాత్రే యాప్ తీసేసి, పీడా వదిలింది అనుకున్నాను. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు, నాకు తెలియనిది అదే. వరసగా మూడు సార్లు 299 కట్ అయింది. నిజానికి ముందు రోజు మెసేజ్ వచ్చింది, ఆటోపే డబ్బు తీసే 24 గంటల ముందే చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు రూల్, కాకపోతే లోన్ ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో దాన్ని నేనే చూసుకోలేదు.

మీలో ఎవరైనా ఇలాంటిది పెట్టుకుని ఉంటే ఇప్పుడే ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటా చూడండి, నాకక్కడ ఎప్పుడో మర్చిపోయిన ఇంకోటి దొరికింది. రీఫండ్ 48 గంటల్లోపైతే ప్లే స్టోర్‌లోనే అడగొచ్చు, దాటితే యాప్ వాళ్లనే అడుక్కోమంటారు. నాకు చివరి 299 వెనక్కి వచ్చింది, మిగతా 598 గోవిందా.

డబ్బు సరే, ఫొటోల మాటేంటి? 2018లో గూగుల్ వాళ్లు సెల్ఫీని పాత పెయింటింగ్‌లతో పోల్చే ఫీచర్ తెచ్చినప్పుడు అమెరికాలో టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల వాళ్లకు అది ఇవ్వలేదు, మొహం కొలతలు తీసుకోవడం మీద అక్కడ గట్టి చట్టాలున్నాయి. అంత పెద్ద కంపెనీయే వెనకాడిన చోట, అడ్రస్ కూడా సరిగ్గా లేని ఈ యాప్‌కి నేను ఏమీ ఆలోచించకుండా మొహం ఇచ్చేశాను. తీసేయమని రెండు మెయిల్స్ పెట్టాను, రెండింటికీ ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని ఒకటే జవాబు. అందులో అమ్మ ఫొటో కూడా ఉంది, సావిత్రి వస్తుందేమోనని అడక్కుండా పెట్టేశాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.